పికప్ అంటే నాకు తెల్వదా అన్నా?

మొన్న బతుకమ్మ పండుగకు ఇంటికి వచ్చినప్పుడు మా చిన్నమ్మ కొడుకు కాజీపేట జంక్షన్‌కు వచ్చి నన్ను బండి మీద ఎక్కించుకున్నాడు. జనవరిలో ఎమ్మెస్‌కు అమెరికా పోతున్నాడు. ఇంగ్లిష్‌లో ముందు ఏం చూసుకోవాలని అడిగితే ‘పిక్ అప్’ అన్నాను. ‘అదేంది అన్నా, ఇప్పుడు నేను చేసింది పికప్పే కదా!’ అన్నాడు.

నేనూ అట్లాగే అనుకుని పోయాను. మొదటి ఉద్యోగంలో ఒక శుక్రవారం సాయంత్రం మా టీమ్ లీడ్ ‘కెన్ యూ పిక్ దిస్ అప్?’ అని మెసేజ్ పెట్టి, కింద ఒక టికెట్ నంబర్, అంటే ఆఫీసులో ఒక్కో పనికి ఇచ్చే నంబర్, ఇచ్చారు. ఎక్కడి నుంచో ఏదో తేవాలేమో, మళ్లీ చెబుతారులే అని సరే అన్నాను. ఆయన అడిగింది ఆ పని నేను చేపడతానా అని. సోమవారం మీటింగులో ఎంతవరకు వచ్చిందని అడిగితే నోట మాట రాలేదు. అర్థం కానప్పుడు ఆ నిమిషమే అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు.

అమెరికాలో మందుల షాపుకు వెళ్తే ‘పికింగ్ అప్?’ అని ఒక్క ముక్కే అంటారు. డాక్టర్ పంపిన మందులు తీసుకోవడానికి వచ్చారా అని దానర్థం. అవునని పేరు, పుట్టిన తేదీ చెప్పాలి. అక్కడ నెల ముందు వస్తుంది. మార్చి 5ను మన అలవాటులో 5-3 అంటే వాళ్లు మే 3 కింద వెతుకుతారు. నెలను పేరుతోనే చెప్పండి.

ఫోన్ ఎత్తడమూ పిక్ అప్పే. పత్తి రావడం మొదలైతే మన వరంగల్ ఎనుమాముల మార్కెట్లో గిరాకీ పుంజుకుంటుంది చూడండి, ఆ పుంజుకోవడాన్నీ ఇదే మాటతో చెబుతారు.

మనవాళ్లు ఎక్కువగా తప్పేది వేరే చోట. మనం ‘పికప్’ను ఒక్క ముద్దగా పట్టుకుని ‘చేయి’ తగిలిస్తాం. అందుకే ‘పికప్ మీ’, ‘ఐ డిడ్ పికప్’ అని నోటికి వస్తుంది. ఇంగ్లిష్‌లో అది విడిపోయే మాట. నన్ను, వాణ్ని, దాన్ని అనేవి మధ్యలోనే కూర్చోవాలి: ‘పిక్ మీ అప్’, ‘పిక్ ఇట్ అప్’. జరిగిపోయిన పనికి ‘పిక్డ్ అప్’. ఇంకో జాగ్రత్త. క్లాసులో అమ్మాయికి కారులో లిఫ్ట్ ఇచ్చి ‘ఐ పిక్డ్ అప్ ఎ గర్ల్’ అనకండి. ముక్కూమొహం తెలియని అమ్మాయిని వలలో వేసుకున్నానన్న అర్థం వస్తుంది. పేరు, ఎక్కించుకున్న చోటు చెబితే ఆ చిక్కు ఉండదు.

నాకు వీటన్నిటికంటే ఇష్టమైన అర్థం, చెవితోనే భాష పట్టుకోవడం. మా నానమ్మ బడి మెట్లెక్కలేదు. మండిబజార్‌లో గాజుల దుకాణం ముందు నిలబడి బేరమంతా ఉర్దూలోనే ఆడేది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, వింటూ వింటూ అబ్బింది. దాన్ని ఇంగ్లిష్‌లో ‘షీ పిక్డ్ అప్ ఉర్దూ’ అంటారని చెబితే, తమ్ముడు బండి నడుపుతూనే ఆ వాక్యం రెండుసార్లు అనుకున్నాడు.