బోర్డర్‌లైన్ ఓవరీ ట్యూమర్ అని వచ్చింది, గర్భసంచి కూడా తీసేయాల్సిందేనా?

మీరు రాసింది ఇది: వయసు 32, ఒక పాప. ఎడమ ఓవరీలో గడ్డ వరకే తీశారు, బయాప్సీలో సీరస్ అనే రకం బోర్డర్‌లైన్ ట్యూమర్ అని వచ్చింది. గర్భసంచి లోపలి పొర మందంగా ఉందని ముక్క తీసి పంపిస్తే ఎటిపియా (కణాల రూపంలో తేడా) లేని హైపర్‌ప్లేసియా (పొర అతిగా పెరగడం) అన్నారు. ఇప్పుడు గర్భసంచి, రెండు ఓవరీలు తీసేద్దామంటున్నారు. ఇంట్లోవాళ్లేమో క్యాన్సరే అని ఏడుస్తున్నారు.

నేను డాక్టర్ని కాను, కానీ ఈ రెండూ కలిసి నాకూ వచ్చాయి. నా సలహా ఒక్కటే: ఆపరేషన్ తేదీ ఒప్పుకునే ముందు మీ స్లైడ్లు (తీసిన ముక్కల పలచటి పొరలు అంటించిన గాజుపలకలు) ఇంకో పెథాలజిస్టుకు, అంటే వాటిని మైక్రోస్కోప్‌లో చూసి జబ్బేంటో తేల్చే డాక్టరుకు, చూపించండి. గైనిక్ క్యాన్సర్లు రోజూ చూసేవాళ్లకే సుమా.

ఎందుకంటే ఈ జబ్బులో స్కాన్ కన్నా, సీఏ-125 అనే రక్తపరీక్ష కన్నా, మైక్రోస్కోప్ కింద ఏం కనబడిందన్నదే ముఖ్యం. సీఏ-125 ఎండోమెట్రియోసిస్‌కీ (గర్భసంచి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) పెరుగుతుంది, నెలసరి టైంలోనూ పెరుగుతుంది. బోర్డర్‌లైన్‌లో కణాలు తేడాగా ఉంటాయి, ఎక్కువగా పెరుగుతాయి, కానీ కింది కణజాలాన్ని తొలుచుకుంటూ లోపలికి పోవు. రిపోర్టులో 'స్ట్రోమల్ ఇన్వేజన్ నాట్ సీన్' (అలా లోపలికి పోవడం కనబడలేదు) అన్న లైను ఉందో లేదో చూడండి. కడుపులో వేరేచోట ఇంప్లాంట్లు (అంటుకున్న ట్యూమర్ ముక్కలు) కనబడితే అవి ఇన్వేసివా (లోపలికి తొలుచుకుపోయేవా), నాన్-ఇన్వేసివా అన్నది కూడా చూడండి. ఇన్వేసివ్ అయితే 2014 నుంచి దాన్ని లో-గ్రేడ్ సీరస్ క్యాన్సర్ కిందే లెక్కేస్తున్నారు, వైద్యం మారిపోతుంది. నాన్-ఇన్వేసివ్ అయితే మామూలుగా కీమో అవసరం ఉండదు, ఆపరేషనే వైద్యం.

నాది మ్యూసినస్ అనే ఇంకో రకం బోర్డర్‌లైన్ ట్యూమర్. మొదట చూపించుకున్న ఆస్పత్రిలో కీమో రాసేశారు. స్లైడ్లు రెండోచోట చూశాక కీమో పక్కన పెట్టి, పేగుల్లోంచి గానీ అపెండిక్స్‌లోంచి గానీ రాలేదని తేల్చుకోవడానికి ఎండోస్కోపీ, కొలనోస్కోపీ చేశారు. మీది సీరస్ కాబట్టి ఆ బాధ మీకుండకపోవచ్చు.

స్లైడ్లతో పాటు బ్లాకులు కూడా అడిగి తీసుకోండి. చిన్న ప్లాస్టిక్ డబ్బీల్లో మైనంలో మీ ముక్కలుంటాయి, పక్కన నంబరు రాసి ఉంటుంది. ఆ నంబరు, రిపోర్టు మీది ఒకటేనా అని ల్యాబ్ కౌంటర్ దగ్గరే చూసుకోండి. ఎండలో ఆపిన కారులో మాత్రం వదిలేయకండి, మైనం మెత్తబడుతుంది. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే, ముంబైలో టాటా మెమోరియల్ లాంటి క్యాన్సర్ ఆస్పత్రుల్లో అడగొచ్చు.

ఇక గర్భసంచి సంగతి. పొర మందం అంకె ఒక్కటే చూసి భయపడకండి. నెలసరి అయిపోగానే పలచగా ఉండే పొర, మళ్లీ వచ్చే ముందు 15 మి.మీ. దాకా పెరగడం మామూలే. తేల్చేది బయాప్సీయే. ఎటిపియా లేని రకం 20 ఏళ్లలో క్యాన్సర్‌గా మారడం నూటికి అయిదుగురిలో కూడా ఉండదంటారు. ప్రొజెస్టిరాన్ హార్మోన్ మందుతో చాలామందికి తగ్గిపోతుంది. నాకు మిరెనా (గర్భసంచిలో పెట్టి ఆ రకం హార్మోన్ విడుదల చేసే సాధనం) వేశారు, మొదట్లో మచ్చమచ్చగా బ్లీడింగ్ అయ్యి చిరాకు పెట్టింది, తర్వాత సర్దుకుంది. ఆరు నెలలకోసారి మళ్లీ బయాప్సీ చేసి పొర మామూలైందని చూసుకోవాలి, అది మానకూడదు. ఎటిపియా ఉంటే కథ వేరు, అక్కడ గర్భసంచి తీయించుకోమనడంలో తప్పులేదు, వెనక క్యాన్సర్ దాగి ఉండొచ్చు కనక. అందుకే ఈ ముక్క స్లైడు కూడా రెండోసారి చూపించమంటున్నా. ఓవరీలో ఎండోమెట్రియాయిడ్ అనే మరో రకం ట్యూమర్ ఉన్నప్పుడు గర్భసంచి పొరలోనూ తేడా ఉండటం కొత్తేమీ కాదు.

"ఒక పాప పుట్టిందిగా, ఇంక ఆ సంచితో పనేంటి" అనేవాళ్లు మీకూ ఉంటారు. మా వదిన నాతో అక్షరాలా అదే అంది. మన దగ్గర ఈ మాట మరీ తేలిగ్గా వస్తుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తమ్మీద నూటికి సుమారు 3, ఆంధ్రప్రదేశ్‌లో 9, తెలంగాణలో 8. ఓవరీలు తీయడం ఇంకా పెద్ద విషయం. 32 ఏళ్లకే రెండూ పోతే ముట్లు ఒక్కసారిగా ఆగిపోయి వేడి ఆవిర్లు, ఎముకల బలహీనత, గుండె సమస్యలు ముందే మొదలవ్వొచ్చు.

అలాగని గడ్డ తీసేశారుగా, అయిపోయిందనీ కాదు. గడ్డ వరకే తీసినప్పుడు మళ్లీ వచ్చే అవకాశం, ఓవరీ మొత్తం తీసినదానికంటే ఎక్కువ. అయితే వచ్చినా చాలావరకు మళ్లీ బోర్డర్‌లైన్‌గానే వస్తుంది, ఇంకో ఆపరేషన్‌తో తీయొచ్చు. పదేళ్ల తర్వాత వచ్చినవాళ్లూ ఉన్నారు కాబట్టి స్కాన్లు మొదట్లో కొన్ని నెలలకోసారి, తర్వాత ఏడాదికోసారి తప్పవు. మొదటి ఆపరేషన్‌లో కడుపులో నీళ్లు, ఒమెంటం (పేగుల మీద ఉండే కొవ్వు పొర) శాంపిల్ పరీక్షకు తీశారా, రెండో ఓవరీ ఎలా కనబడిందో నోట్స్‌లో రాశారా అని అడగండి. ఇంకో బిడ్డ కావాలనుంటే ఆ మాట గైనిక్ ఆంకాలజిస్టుతో మొదటి పది నిమిషాల్లోనే చెప్పేయండి. ఎడమ ఓవరీ ఉంచాలా తీయాలా అనేది వాళ్లు దాన్నిబట్టే ఆలోచిస్తారు.