తూనీగ ఎవరి "నుంచి" వచ్చింది?

సందేహం: ఒక సైన్సు వ్యాసంలో "మైటోకాండ్రియా జన్యువును బట్టి చూస్తే తూనీగలు డామ్‌సెల్‌ఫ్లైల నుంచి పరిణామం చెందాయి" అని చదివాను. జన్యువు అన్నా జీనోమ్ అన్నా ఒకటేనా?

సమాధానం: ఒకటి కాదండీ. జన్యువు అంటే జీన్, ఒక్కటి. జీనోమ్ అంటే డీఎన్‌ఏ మొత్తం. తూనీగ మైటోకాండ్రియాలో (కణానికి శక్తి తయారుచేసే భాగంలో) ఉండే డీఎన్‌ఏ ఒక చిన్న వలయం, పొడవు పదిహేను వేల చిల్లర క్షార జతలు (డీఎన్‌ఏ నిచ్చెనకి మెట్లలాంటివి), అందులో జన్యువులు 37. వాటిలో 13 ప్రొటీన్ల కోసం, మిగిలినవి ఆ ప్రొటీన్ల తయారీలో పనికొచ్చే ఆర్‌ఎన్‌ఏల కోసం. ఇదంతా కలిపి "జన్యువు" అంటే పేరా మొత్తం చూపించి "ఒక మాట" అన్నట్టుంటుంది. పోనీ బహువచనంలో "జన్యువులు" అందామా అంటే అదీ చాలదు, ఆ వలయంలో ఏ జన్యువూ లేని ముక్క కూడా ఒకటుంది, జీనోమ్ అన్నప్పుడు అదీ లెక్కలోకి వస్తుంది. పత్రికల్లో కనబడే "జన్యుక్రమం" డీఎన్‌ఏలోని వరసకి బాగుంటుంది. మొత్తానికి మాత్రం జీనోమ్ అనే రాయండి, అందరికీ తెలిసిన మాటే.

మీరు అడగలేదు గానీ ఆ వాక్యంలో అంతకంటే పెద్ద తప్పు "నుంచి". ఫలానా దాని నుంచి పరిణమించింది అంటే అది పూర్వీకుడని అర్థం. ఇవాళ బతికున్న డామ్‌సెల్‌ఫ్లైలు, అంటే వాలినప్పుడు రెక్కలు వీపు మీద దగ్గరికి ముడుచుకునే ఆ సన్నటివి (మనం వాటినీ తూనీగలనే అంటాం), రెక్కలు చాపుకుని కూర్చునే లావుపాటి తూనీగలకి పూర్వీకులు కావు, తోడబుట్టిన వాటిలాంటివి. జపాన్‌లోనూ హిమాలయాల్లోనూ ఎపియోఫ్లీబియా అనే అరుదైన ప్రజాతి (దగ్గరి జాతుల చిన్న గుంపు) ఉంది, దాని ఒళ్ళు తూనీగలా దిట్టంగా ఉంటుంది, రెక్కలు మాత్రం సన్నవాటిలా ముడుస్తుంది, చూస్తే ఏ వైపు చేర్చాలో తోచదు. దాని మైటోకాండ్రియా జీనోమ్ చదివితే లావు తూనీగల పక్కన చేరింది. అలాగని "తూనీగలు ఎపియోఫ్లీబియా నుంచి వచ్చాయి" అని రాస్తే మళ్ళీ అదే తప్పు, "తూనీగలకి దగ్గరి చుట్టం" అంటే సరిపోతుంది. ఒక్క విభక్తి మారితే చెల్లెలు తల్లి అయిపోతుంది, అందుకే ఇంత పట్టుబడుతున్నాను.

ఆ వాక్యంలో "బట్టి చూస్తే" మాత్రం చక్కటి ప్రయోగం, తీసేయొద్దు. మైటోకాండ్రియా సాధారణంగా తల్లి నుంచే పిల్లలకి వస్తుంది (ఇక్కడ "నుంచి" సరైనదే), కాబట్టి అది చెప్పేది తల్లి వైపు కథ ఒక్కటే. వాక్యాన్ని ఇలా దిద్దుకోవచ్చు: "మైటోకాండ్రియా జీనోమ్‌ను బట్టి చూస్తే తూనీగలూ డామ్‌సెల్‌ఫ్లైలూ ఒకే పూర్వీకుడి నుంచి చీలిన రెండు శాఖలు."