జింక మాంసం ఇంట్లో దొరికింది: జరిమానా కట్టి బయటపడవచ్చా?

ప్రశ్న: మాది నాగర్‌కర్నూల్ జిల్లాలో అడవి అంచున ఉన్న ఊరు. గత నెలలో మా తమ్ముడు ముగ్గురు స్నేహితులతో కలిసి మా నాన్న పేరు మీద ఉన్న బొలెరోలో రాత్రిపూట బయటికి వెళ్లాడు. వాళ్లలో ఒకరు నాటు తుపాకీతో జింకను కొట్టారట. తమ్ముడు తన వాటా మాంసం ఇంటికి తెచ్చాడు. మర్నాడు అటవీ అధికారులు వచ్చి ఫ్రిజ్‌లోని మాంసాన్ని, వండిన కూరను స్వాధీనం చేసుకుని, తమ్ముణ్నీ బండినీ తీసుకెళ్లారు. తమ్ముడికి బెయిలు వచ్చింది. తాను తుపాకీ ముట్టలేదని, బండిలో కూర్చున్నానని అంటున్నాడు. ఊళ్లో ఒక పెద్దమనిషి 50 వేలు సర్దితే కేసు లేకుండా చేయిస్తానంటున్నాడు. జరిమానా కట్టి బయటపడే దారి చట్టంలో ఉందా? బండి తిరిగి వస్తుందా? తమ్ముడు కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రయత్నిస్తున్నాడు, దానికి ఈ కేసు అడ్డమవుతుందా?
— ఒక సోదరి

సమాధానం: మీ ప్రశ్నలన్నిటికీ జవాబు రెండు సంగతుల మీద ఆధారపడి ఉంది. చంపింది ఏ జంతువును, చంపింది ఎక్కడ అన్నవే ఆ రెండు సంగతులు. మీ ఉత్తరంలో జింక అన్నారే గానీ అది కృష్ణజింకో, చుక్కల దుప్పో చెప్పలేదు, చంపిన చోటూ రాయలేదు కాబట్టి, ఏది అయితే ఏమవుతుందో విడివిడిగా చెబుతాను. అటవీ శాఖ నమోదు చేసిన ప్రాథమిక నేర నివేదిక, అంటే అందరూ పీఓఆర్ అనే కాగితం, దానితో పాటు పంచనామా నకలు ముందుగా తెప్పించుకుని, వాటిలో ఏ జంతువు పేరు రాశారో, ఏ బీటు పరిధి అని రాశారో చూడండి.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని పార్లమెంటు 2022లో సవరించింది, ఆ సవరణలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. మీ తమ్ముడి విషయంలో సంఘటన గత నెలలో జరిగింది కాబట్టి ఈ కొత్త నిబంధనలే వర్తిస్తాయి. కృష్ణజింక ఈ చట్టంలో మొదటి షెడ్యూలులో, అంటే ఎక్కువ రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉన్న జంతువు. దాన్ని చంపినా, దాని మాంసం దగ్గర ఉంచుకున్నా 51వ సెక్షన్ కింద 3 ఏళ్లకు తగ్గకుండా, 7 ఏళ్ల వరకు జైలు శిక్ష, 25 వేల రూపాయలకు తగ్గకుండా జరిమానా పడతాయి. నేరం రుజువైతే 3 ఏళ్ల కంటే తక్కువ శిక్ష వేసే వెసులుబాటును చట్టం న్యాయమూర్తికి ఇవ్వలేదు. చుక్కల దుప్పి రెండో షెడ్యూలులో ఉంది. అభయారణ్యానికి, జాతీయ ఉద్యానవనానికి, పులుల అభయారణ్యానికి బయట దాన్ని చంపితే శిక్ష 3 ఏళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇక్కడ కనీస శిక్ష అంటూ లేదు. మీ కుటుంబానికి ఈ తేడా ఎంత ముఖ్యమో రాజీ గురించి, అంటే సొమ్ము కట్టి కేసు ముగించుకోవడం గురించి చెప్పేటప్పుడు వివరిస్తాను.

అయితే అదే దుప్పిని అభయారణ్యం లోపల చంపితే జంతువు ఏ షెడ్యూలులో ఉందన్న ప్రశ్నే రాదు. అభయారణ్యంలోనో జాతీయ ఉద్యానవనంలోనో వేటాడటం దానంతట అదే 3 నుంచి 7 ఏళ్ల నేరం. మీ జిల్లాలో అడవి అంచు అన్నారు గనుక అది అమ్రాబాద్ పులుల అభయారణ్యం పరిధిలోకి వస్తుందేమో తప్పక చూసుకోవాలి. పులుల అభయారణ్యంలో వేటకు మొదటిసారి నేరానికే 3 నుంచి 7 ఏళ్ల జైలు, 50 వేలకు తగ్గకుండా 2 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. రెండోసారి పట్టుబడితే జైలు 7 ఏళ్లకు తగ్గదు, జరిమానా 5 లక్షల నుంచి 50 లక్షల దాకా వెళుతుంది. దుప్పీ కణితీ తగ్గిపోతే పులికి తిండి ఉండదు, తిండి లేని పులి ఊళ్లలోని పశువుల మీదికి వస్తుంది. చంపింది చుక్కల దుప్పినే అయితే, తెలంగాణ తన రాష్ట్ర జంతువుగా ప్రకటించుకున్న జీవిని ఒక రాత్రి సరదా కోసం కాల్చడం నాకు ఎంతో బాధ కలిగించే విషయం. మీ తమ్ముడి తరఫున ఏ వకీలు వాదించినా ఈ కేసును చిన్న తగాదాగా చూడకూడదని మీకు ముందే చెప్పడం నా బాధ్యత.

ఇప్పుడు "తుపాకీ ముట్టలేదు" అన్న మాటకు వద్దాం. ఈ చట్టంలో వేట అంటే కాల్చి చంపడం ఒక్కటే కాదు. విషం పెట్టడం, ఉచ్చు పన్నడం, వల వేయడం, తరమడం, ఎర వేయడం, పట్టుకోవడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా వేటే. 52వ సెక్షన్ ప్రకారం నేరానికి తోడ్పడినవాడికీ నేరం చేసినవాడికి వేసే శిక్షే పడుతుంది. బండి నడిపినవాడు, టార్చి లైటు వేసినవాడు, చచ్చిన జంతువును మోసినవాడు ఈ సెక్షన్ కింద నిందితులు కావచ్చు. కానీ ఒకే బండిలో ఉన్నంత మాత్రాన ఎవరూ దోషి కారు, తెలిసి తోడ్పడ్డాడని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలి. 1998 అక్టోబరులో జోధ్‌పూర్ దగ్గరి కాంకాణి గ్రామంలో రెండు కృష్ణజింకలను చంపిన కేసులో 2018 ఏప్రిల్ 5న అక్కడి చీఫ్ జుడీషియల్ మేజిస్ట్రేట్ నటుడు సల్మాన్ ఖాన్‌కు 5 ఏళ్ల జైలు, 10 వేల రూపాయల జరిమానా విధించి, ఆయనతో పాటు వెళ్లారన్న ఆరోపణ ఉన్న మిగతా నటీనటులను సందేహానికి అవకాశం ఉందంటూ విడుదల చేశారు. ఆ తీర్పుపై అప్పీళ్లు వెళ్లాయి. నేరం 1998 నాటిది కాబట్టి అప్పటి చట్టంలో ఉన్న శిక్షనే కోర్టు లెక్కలోకి తీసుకుంది, అందులో గరిష్ఠం 6 ఏళ్లు, కనీసం ఏడాది. ఈ కేసులో గమనించాల్సిన మరో సంగతి, సంఘటనకూ తీర్పుకూ మధ్య గడిచిన దాదాపు 20 ఏళ్ల కాలం.

మీ తమ్ముడి పరిస్థితి విడుదలైన ఆ నటీనటులకంటే కష్టమైంది, ఎందుకంటే మాంసం ఇంట్లో దొరికింది. ఈ చట్టంలో మాంసం అంటే పచ్చిదైనా వండినదైనా ఒకటే, రక్తం, ఎముకలు, కొవ్వు కూడా అందులోకే వస్తాయి. ఒకరి దగ్గర, లేదా వారి అధీనంలో వన్యప్రాణి మాంసం ఉందని ప్రాసిక్యూషన్ చూపించగలిగితే, అది చట్టవిరుద్ధంగా ఉంచుకున్నదే అని 57వ సెక్షన్ కింద కోర్టు భావించి ముందుకు సాగుతుంది, కాదని నిరూపించే భారం నిందితుడి మీద పడుతుంది. రోడ్డు మీద వాహనం గుద్ది చచ్చిందంటే తెచ్చుకున్నామని చాలామంది చెబుతుంటారు. అదీ పనికిరాదు. చచ్చినా బతికినా వన్యప్రాణి 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆస్తి, అది ఎలా చేతికి వచ్చినా 48 గంటల్లో దగ్గరి పోలీసు స్టేషనుకో అధీకృత అధికారికో తెలిపి అప్పగించాలి. వండి పెట్టింది మీ అమ్మగారే అయితే పంచనామాలో ఆమె పేరు ఎలా రాశారో కూడా చూసుకోండి.

అది ఏ జంతువు మాంసమో చివరికి తేల్చేది ప్రయోగశాల నివేదిక. ఇలాంటి నమూనాలు మన రాష్ట్రాల నుంచి హైదరాబాద్ అత్తాపూర్‌లోని లాకోన్స్‌కు, అంటే కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రమైన సీసీఎంబీకి చెందిన ప్రయోగశాలకు వెళుతుంటాయి. కొద్దిపాటి మాంసం నుంచి డీఎన్‌ఏ తీసి జాతిని గుర్తించే పద్ధతిని సీసీఎంబీ శాస్త్రవేత్తలే రూపొందించారు, వండిన ముక్క నుంచి కూడా చాలాసార్లు జాతి తెలుస్తుంది. నివేదికలో కృష్ణజింక అని వస్తే కేసు స్వరూపమే మారిపోతుంది. కాబట్టి స్వాధీనం చేసుకున్నప్పుడు నమూనాకు సీలు వేశారా, సాక్షుల సంతకాలు తీసుకున్నారా, ఎప్పుడు ల్యాబుకు పంపారు అన్నవి మీ వకీలు జాగ్రత్తగా పరిశీలించాలి.

జరిమానాతో బయటపడే దారి చట్టంలో ఉంది, కానీ అందరికీ కాదు. 54వ సెక్షన్ ప్రకారం చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, డిప్యూటీ కన్జర్వేటర్ స్థాయికి తగ్గని అధికారి గానీ 5 లక్షల రూపాయలకు మించని మొత్తం తీసుకుని కేసును రాజీ చేయవచ్చు. 2022 సవరణకు ముందు ఈ పరిమితి 25 వేలే ఉండేది. అయితే 51వ సెక్షన్‌లో కనీస జైలు శిక్ష ఉన్న ఏ నేరానికీ రాజీ లేదు. అంటే చంపింది కృష్ణజింక అయినా, చంపిన చోటు అభయారణ్యమో పులుల అభయారణ్యమో అయినా ఈ దారి మూసుకుపోయినట్టే. బయటి అడవిలో చుక్కల దుప్పి అయితేనే దరఖాస్తు చేసుకోవచ్చు, అప్పుడు కూడా ఒప్పుకోవాలా వద్దా అన్నది అధికారి ఇష్టం, అది నిందితుడి హక్కు కాదు. కనీస శిక్ష లేని కేసులో రాజీ కుదరకపోయి, విచారణలో దోషిగా తేలినా, మొదటి నేరం, వయసు, ప్రవర్తన చూపి ప్రొబేషన్, అంటే జైలుకు పంపకుండా మంచి నడవడిక షరతు మీద విడిచిపెట్టమని కోరే అవకాశం ఉంటుంది. అభయారణ్యంలో వేట రుజువైతే 18 ఏళ్లు నిండినవారికి ఆ అవకాశం కూడా లేదు.

ఊరి పెద్దమనిషి అడుగుతున్న 50 వేలకు ఈ రాజీకి ఏ సంబంధమూ లేదు. రాజీ సొమ్ము అధికారి లిఖితపూర్వక ఉత్తర్వుతో, రసీదుతో ప్రభుత్వ ఖాతాకు చేరాలి. మధ్యవర్తి చేతిలో పెట్టే డబ్బు లంచమవుతుంది, అవినీతి నిరోధక చట్టం 8వ సెక్షన్ కింద లంచం ఇచ్చినవారికి కూడా 7 ఏళ్ల వరకు శిక్ష ఉంది. దయచేసి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. తమ్ముణ్ని కాపాడబోయి మీ నాన్నగారు మరో కేసులో నిందితుడు కాకూడదు.

బండి విషయంలో కొంత ఆశ ఉంది. నేరానికి వాడిన, స్వాధీనమైన వాహనం ప్రభుత్వ ఆస్తి అని 39వ సెక్షన్ చెబుతున్నా, నేరం రుజువై కోర్టు తేల్చేదాకా అది ప్రభుత్వపరం అయినట్టు కాదని, ఈలోగా వాహనాన్ని తాత్కాలికంగా విడుదల చేసే అధికారం మేజిస్ట్రేటుకు ఉందని సుప్రీంకోర్టు 2008లో మధ్యప్రదేశ్ ప్రభుత్వానికీ మధుకర్ రావుకూ మధ్య నడిచిన కేసులో స్పష్టం చేసింది. ఆర్‌సీ, బీమా కాగితాలతో మీ నాన్నగారు తన పేరు మీదే, క్రిమినల్ కేసులు నడిపే పద్ధతిని చెప్పే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 497వ సెక్షన్ కింద దరఖాస్తు వేయాలి. కొడుకు బండిని దేనికి తీసుకెళ్తున్నాడో తనకు తెలియదన్నది నిజమైతే ఆ మాట అఫిడవిట్‌లో స్పష్టంగా రాయించాలి. కోర్టు పూచీకత్తు అడుగుతుంది, బండిని అమ్మకూడదని, రంగూ రూపూ మార్చకూడదని షరతులు పెడుతుంది. పీఓఆర్‌లో రాష్ట్ర అటవీ చట్టం సెక్షన్లు కూడా ఉంటే బండిని జప్తు చేసే ప్రక్రియ అటవీ అధికారి ముందు విడిగా నడవవచ్చు, నోటీసు వస్తే గడువులోగా జవాబివ్వాలి.

మీ తమ్ముడు అధికారుల ముందు ఏమైనా రాసి సంతకం పెట్టాడా అని అడగండి. పోలీసుల ముందు ఒప్పుకోలు చెల్లదన్న నియమం అటవీ అధికారుల ముందు చేసిన ఒప్పుకోలుకు వర్తించదని కోర్టులు పలు తీర్పుల్లో అన్నాయి. అసిస్టెంట్ కన్జర్వేటర్ స్థాయికి తగ్గని అధికారి 50వ సెక్షన్ కింద నిందితుడి సమక్షంలో నమోదు చేసిన సాక్ష్యం విచారణలో చెల్లుతుంది కూడా. బలవంతంగా రాయించుకుంటే ఆ సంగతి వీలైనంత త్వరగా మేజిస్ట్రేటుకు లిఖితపూర్వకంగా తెలపాలి. నిజంగా జరిగినదే అయితే ఇప్పుడు మాట మార్చమని నేను సలహా ఇవ్వను.

నాటు తుపాకీకి లైసెన్సు ఉండే అవకాశం లేదు కనుక ఆయుధాల చట్టం కింద పోలీసులు వేరే కేసు పెట్టవచ్చు. 2019 సవరణ తరువాత లైసెన్సు లేని తుపాకీ కలిగి ఉంటే 2 నుంచి 5 ఏళ్ల శిక్ష. అది ఎవరి అధీనంలో ఉందన్నది అక్కడ ముఖ్యం, మీ తమ్ముడి మాట నిజమైతే ఆ కేసులో అతనికి బలమైన వాదన ఉంటుంది.

పంట నష్టం కోసం చంపామన్న వాదన ఇక్కడ నిలవదు. రెండో షెడ్యూలు జంతువులు నిలబడి ఉన్న పంటకు ప్రమాదమైతే 11వ సెక్షన్ కింద అనుమతి ఇవ్వవలసింది చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి, అదీ రాతపూర్వకంగా. కృష్ణజింకకు పంట కారణం అసలే చాలదు. మీ తమ్ముడి స్నేహితుల్లో ఎవరైనా చెంచు కుటుంబం వారైతే, 2006 నాటి అటవీ హక్కుల చట్టం కూడా సంప్రదాయ వేట హక్కును గుర్తించలేదని వారికి తెలియజేయండి. ఆ చట్టం అనేక హక్కులిచ్చింది, వేటను మాత్రం స్పష్టంగా మినహాయించింది.

ఇక ఉద్యోగం. కేసు నడుస్తోందన్న కారణంతోనే దరఖాస్తు తప్పనిసరిగా తిరస్కరించాలని లేదు, కానీ దాచిపెడితే మాత్రం నష్టం తప్పదు. అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2016లో, అరెస్టు, పెండింగు కేసు, శిక్ష, విడుదల ఏదైనా నియామకం సమయంలో నింపే అటెస్టేషన్ ఫారంలో అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయాలని, దాచినవారి నియామకాన్ని రద్దు చేయవచ్చని చెప్పింది. పోలీసు శాఖ అభ్యర్థి నడవడికను ఇతర శాఖల కంటే నిశితంగా చూస్తుంది. రాజీ కుదిరినా అరెస్టు జరిగిన సంగతి రాయవలసిందే. రాజీ ఉత్తర్వు నకలునో, విడుదల తీర్పు నకలునో జత చేయగలిగితే నియామక అధికారి తూకం వేసుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది. కేసు ఉండగా పాస్‌పోర్టు కోసం ప్రయత్నిస్తే కోర్టు అనుమతి కావాల్సి వస్తుందని కూడా గుర్తుంచుకోండి.

పీఓఆర్, పంచనామా, బెయిలు ఉత్తర్వు, బండి కాగితాలు తీసుకుని ఈ వారంలోనే మీ ప్రాంతంలో అటవీ కేసులు చూసే వకీలును కలవండి. ఫీజు భరించలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెడితే అర్హత ఉన్నవారికి ఉచితంగా వకీలును ఇస్తారు. బెయిలు షరతుల ప్రకారం మీ తమ్ముడు ఏ తేదీకి ఎక్కడ హాజరు కావాలో ఆ ఉత్తర్వులో ఉంటుంది, ఒక్క తేదీ కూడా తప్పకుండా చూడండి.