దండయాత్ర తర్వాత రేషన్ ఎవరి పూచీ?

ఇరాక్ గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో అయిదింటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: పరాయి సైన్యం వచ్చి ప్రభుత్వాన్ని కూల్చేస్తే, మర్నాటి నుంచి జనం తిండీ నీళ్లూ ఎవరు చూడాలి? దానికో చట్టం ఉందా, గెలిచినవాడి దయేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చట్టం ఉంది. 1907 నాటి హేగ్ నిబంధనల్లో 42వది ప్రకారం, ఒక ప్రాంతం నిజంగా శత్రు సైన్యం అదుపులోకి వెళ్తే అది ఆక్రమిత ప్రాంతమే. ‘విముక్తి చేయడానికి వచ్చాం’ అన్నంత మాత్రాన లెక్క మారదు. 43వ నిబంధన శాంతిభద్రతల భారాన్ని ఆ సైన్యం మీదే పెడుతుంది. 1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందంలో 55వ అధికరణం ఆహారం, మందుల గురించి, 56వది ఆస్పత్రులు, ప్రజారోగ్యం గురించి చెబుతాయి. అయితే ‘తన వనరులు అనుమతించినంత మేరకు’ అనే మాట అందులో ఉంది. బాధ్యత తప్పించుకోవాలనుకునేవారు దూరే సందు అదే.

బాగ్దాద్ 2003 ఏప్రిల్ 9న పడిపోయింది. అమెరికా, బ్రిటన్‌లను ఆక్రమిత శక్తులుగా గుర్తించిన భద్రతామండలి 1483వ తీర్మానం మే 22న వచ్చింది. బాధ్యత మాత్రం తీర్మానం తేదీ నుంచి కాదు, అదుపు చేతికొచ్చిన రోజు నుంచే మొదలవుతుంది. కాబట్టి ఏప్రిల్ 10 నుంచి 12 దాకా జాతీయ మ్యూజియం లూటీ అవుతుంటే ఆపకపోవడం ఆ సైన్యం ఖాతాలోకే వస్తుంది. అదే రోజుల్లో చమురు మంత్రిత్వశాఖ భవనానికి కాపలా ఉంది. అంటే కాపలా పెట్టగల బలగం ఉండి కూడా మ్యూజియానికి పెట్టలేదు.

ఇక తిండి సంగతి. 1990లో కువైట్‌పై దాడి చేసినందుకు ఐక్యరాజ్యసమితి ఆంక్షలు మొదలైనప్పుడు ఇరాక్ ప్రభుత్వం రేషన్ పెట్టింది. మన చౌకధరల దుకాణం లాంటిదే. పేటకో డీలరు, ఇంటికో కార్డు. యుద్ధానికి ముందు మనిషికి నెలకు సుమారు 9 కిలోల గోధుమపిండి, 3 కిలోల బియ్యం, 2 కిలోల పంచదార, వాటితోపాటు టీపొడి, నూనె, పప్పులు, సబ్బు నామమాత్రపు ధరకు అందేవి. మంత్రిత్వశాఖలు తగలబడినా ఈ డీలర్ల గొలుసు తెగలేదు. దాన్ని అలాగే నడవనివ్వడం ఆక్రమణ పాలనలో జరిగిన కొద్ది మంచి పనుల్లో ఒకటి. 2005 జనవరి 30 ఎన్నికలకు ఓటర్ల జాబితా తయారైంది కూడా ఈ రేషన్ లెక్కల్లోంచే.

అది దెబ్బతిన్నది 2006 తర్వాత. ఆ ఏడాది ఫిబ్రవరి 22న సమర్రాలో షియాల అస్కరీ దర్గా పేల్చివేతతో మతహింస చెలరేగి, లక్షలమంది ఇళ్లు వదిలారు. కార్డు పాత పేట డీలరు దగ్గరే నమోదై ఉంది. కొత్త జిల్లాకు మార్చుకోవాలంటే పాత చోటి కాగితాలు కావాలి, వాటికోసం వెనక్కి వెళ్తే ప్రాణాలకే ముప్పు. ఇల్లు పోగొట్టుకున్న కుటుంబానికి బియ్యం కూడా పోయేది అక్కడే. అలాంటి సమయంలో కార్డును డీలరు నుంచి విడదీసి, మనిషి ఉన్నచోటే సరుకు ఇవ్వాలి.

ప్రశ్న: అంత చమురున్న దేశంలో ఏళ్ల తరబడి కరెంటు ఎందుకు రాలేదు?
– విద్యుత్ శాఖ విశ్రాంత ఉద్యోగి, విజయవాడ

జవాబు: యుద్ధానికి ముందు ఉత్పత్తి సుమారు 4,400 మెగావాట్లు. అందులో బాగ్దాద్‌కే పెద్దపీట వేసి మిగతా ఊళ్లను చీకట్లో ఉంచేవారు. 2003 తర్వాత అందరికీ సమానంగా పంచడంతో రాజధానికి ఒక్కసారిగా తగ్గిపోయింది. రాగి, అల్యూమినియం కోసం దొంగలు హైటెన్షన్ తీగలు కోసి టవర్లు పడగొట్టారు. గ్యాస్‌తో నడవాల్సిన టర్బైన్లలో గ్యాస్ దొరక్క ముడి చమురు, బరువైన ఇంధన నూనె పోయడంతో బ్లేడ్లు పాడై, మరమ్మతులకు తరచూ ఆపాల్సి వచ్చింది. ఆక్రమణ పాలన పెట్టుకున్న లక్ష్యం 2004 వేసవికి 6,000 మెగావాట్లు. అది అందలేదు.

ఆ ఖాళీని పేట జనరేటర్లు నింపాయి. యజమాని ఇంటింటికీ తీగ లాగి, నెలకు ఇన్ని ఆంపియర్లని అమ్ముతాడు. 220 వోల్టుల మీద 5 ఆంపియర్లు అంటే సుమారు 1,100 వాట్లు. ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్ నడుస్తాయి, ఏసీ నడవదు. ఫ్రిజ్ మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే అనేక రెట్లు లాగుతుంది కాబట్టి, ఆ సమయంలో కూలర్ కూడా ఆన్‌లో ఉంటే బ్రేకర్ పడిపోతుంది.

కరెంటు పోతే నీళ్లూ చెడతాయి. పంపులు ఆగితే పైపుల్లో ఒత్తిడి పడిపోయి, పగుళ్లలోంచి మురుగు లోపలికి లాగేసుకుంటుంది. 2007లో కిర్కుక్, సులేమానియా ప్రాంతాల్లో కలరా ప్రబలింది. ఇలాంటి చోట లీటరు నీటికి 5-6 శాతం క్లోరిన్ ఉన్న, సువాసన కలపని బ్లీచ్ ద్రావణం 2 చుక్కలు వేసి కలిపి, అరగంట ఆగి తాగాలి. మడ్డిగా ఉంటే ముందు గుడ్డలో వడకట్టి, 4 చుక్కలు వేయాలి.

ప్రశ్న: సద్దాం పార్టీవాళ్లను ఉద్యోగాల్లోంచి తీసేయడం న్యాయమే కదా?
– డిగ్రీ విద్యార్థి, వరంగల్

జవాబు: నేరం చేసినవాళ్లను తీసేయడం న్యాయం. 2003 మే 16న ఆక్రమణ పాలన ఇచ్చిన ఒకటో ఉత్తర్వు అది చేయలేదు. సద్దాం బాత్ పార్టీలో ‘ఫిర్ఖా’ (బృంద సభ్యుడు), ఆపై హోదాల్లో ఉన్న ప్రతివాళ్లకీ ప్రభుత్వోద్యోగం నిషేధించింది. పదోన్నతి కోసం పార్టీలో చేరిన బడిపంతులూ, చిత్రహింసలు పెట్టిన అధికారీ ఒకే గాటన పడ్డారు. ఆస్పత్రుల్లో, మంత్రిత్వశాఖల్లో పై మూడు అంచెల్లో ఉన్న పూర్తి సభ్యులనూ తీసేశారు. ఏ వాల్వు ఎక్కడుందో తెలిసినవాళ్లు అలాగే ఇళ్లకు పోయారు. మే 23న రెండో ఉత్తర్వు సైన్యాన్ని రద్దు చేసింది. జీతం పోయి, చేతిలో తుపాకీ మిగిలిన లక్షలమందికి భృతి ప్రకటించడానికి, నిరసనలయ్యాక, ఇంకో నెల పట్టింది. హోదా చూసి కాదు, ఏ కాగితం మీద సంతకం పెట్టాడు, ఎవరిని జైల్లో వేయించాడు అని ఒక్కొక్కరినీ విచారించాలి. అప్పీలు ఉండాలి, గడువు ఉండాలి.

ప్రశ్న: మన సైన్యం అక్కడికి వెళ్లిందా?
– గుంటూరు

జవాబు: లేదు. అమెరికా అడిగినా, ఐక్యరాజ్యసమితి స్పష్టమైన ఆదేశం లేకుండా పంపబోమని 2003 జులైలో వాజ్‌పేయి ప్రభుత్వం నిర్ణయించింది. సరైన నిర్ణయమే.

ప్రశ్న: 1990లో కువైట్ వదిలి వచ్చేసినందుకు మా నాన్నకు పరిహారం వచ్చింది. 2003లో నష్టపోయిన ఇరాకీలకు కూడా అలాగే వచ్చిందా?
– రాజంపేట

జవాబు: మీ నాన్నగారికి వచ్చింది ఐక్యరాజ్యసమితి పరిహార కమిషన్ డబ్బు. ఇరాక్ దాడివల్ల కువైట్, ఇరాక్ వదిలిపోవాల్సి వచ్చినవారికి మామూలుగా ఒక్కరికైతే 2,500 డాలర్లు, కుటుంబానికి 5,000. ఇతర తరగతుల్లో దావా వేయనని ఒప్పుకుంటే 4,000, 8,000. దరఖాస్తులు ప్రభుత్వాల ద్వారానే వెళ్లాయి. మొత్తం చెల్లింపులు 5,240 కోట్ల డాలర్లు. అదంతా ఇరాక్ చమురు ఆదాయంలోంచే. 2003లో 1483వ తీర్మానం ఆ కోతను 5 శాతానికి తగ్గించింది గానీ తీసేయలేదు. 2022 జనవరిలో చివరి వాయిదా కట్టేదాకా ఇరాకీలు కడుతూనే ఉన్నారు.

2003 దాడికి అలాంటి కమిషన్ లేదు. అమెరికా ‘విదేశీ క్లెయిముల చట్టం’ ఉంది, కానీ పోరాటంలో జరిగిన నష్టానికి అది వర్తించదు. సైనిక వాహనం గుద్దడం లాంటివాటికే, అదీ రెండేళ్లలోపు దరఖాస్తు చేస్తేనే. పోరాటంలో మరణిస్తే ‘సంతాప చెల్లింపు’ ఇచ్చేవారు, సాధారణంగా ఒక ప్రాణానికి 2,500 డాలర్ల వరకు. అది హక్కు కాదు, తప్పు ఒప్పుకున్నట్టూ కాదు. చెక్‌పోస్టు దగ్గర కాల్పుల్లో మనిషి పోతే, కాల్చింది ఏ దళమో కుటుంబం చెప్పుకోవాలి. సైనికులు అక్కడికక్కడే క్లెయిము చీటీ రాసివ్వకపోతే, మరణ ధ్రువపత్రం ఉన్నా దరఖాస్తు నిలబడటం కష్టమయ్యేది.