ఆటలమ్మ ఒకసారి పోస్తే మళ్లీ ఎందుకు రాదు?

చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవాళ్లకి, ఇప్పుడు పోసిన పిల్లాడి పక్కనే పడుకున్నా ఎందుకు అంటుకోదు అనే కదా మీ ప్రశ్న. అనంతపురంలో మా ఇంట్లో తమ్ముడికి పోసినప్పుడు గుమ్మానికి వేపమండ కట్టి, "నీకు అప్పుడే పోసింది కదా, నువ్వే చూసుకో" అని మా అవ్వ నన్నే కూర్చోబెట్టింది. కారణం తెలియకపోయినా ఆమె లెక్క తప్పు కాదు.

ఆటలమ్మ తెచ్చే వైరస్ మొదటిసారి ఒంట్లో దూరినప్పుడు ముందు కదిలేవి, కొత్తగా ఏది కనిపించినా మింగేసే తెల్ల రక్తకణాలు. జ్వరం కూడా ఆ పోరాటంలో భాగమే. ఈలోపు తెల్ల రక్తకణాల్లోనే బి కణాలు అనే రకం సరిగ్గా ఆ వైరస్‌కే అతుక్కునే ప్రోటీన్లు, అంటే యాంటీబాడీలు తయారుచేస్తాయి, టి కణాలు అనే ఇంకో రకం వైరస్ పట్టిన కణాలను వెతికి చంపుతాయి, కానీ ఇదంతా సిద్ధమయ్యేసరికి చాలా రోజులు పడుతుంది, అందుకే ఒళ్లంతా పొక్కులు. తగ్గాక వీటిలో కొన్ని జ్ఞాపక కణాలుగా ఏళ్ల తరబడి ఉండిపోతాయి. మళ్లీ అదే వైరస్ వస్తే జబ్బు బయటపడేలోపే దాని పని అయిపోతుంది. టీకా చేసేదీ ఇదే, జబ్బు పడకుండానే గుర్తు పెట్టించడం.

జలుబు దగ్గర ఈ లెక్క కుదరదు, దాని వైరస్‌లు 100కు పైగా రకాలు, ఒకదాన్ని గుర్తుపెట్టుకున్నా ఇంకోటి కొత్తదే. అన్నట్టు, ఆటలమ్మ వైరస్ ఒంట్లోంచి పూర్తిగా పోదు, నరాల్లో దాక్కుని ముసలితనంలో సర్పిగా, అంటే ఒంటికి ఒక పక్క నొప్పితో వచ్చే పొక్కులుగా లేవొచ్చు.