పాత హైదరాబాద్‌లో మామూలు జనం బతుకు గురించి ఎక్కడ వెతకాలి?

1910–40 మధ్య నగరంలో మామూలు సంసారాలు ఎంత అద్దె కట్టేవి, నీళ్ళు ఎక్కణ్ణించి తెచ్చుకునేవి అని అడిగారు. ముందు మీ బస్తీ అప్పట్లో ఎవరి ఏలుబడిలో ఉందో తేల్చుకోండి. సుల్తాన్ బజార్ చుట్టూ ఉన్న రెసిడెన్సీ బజార్లు 1933 దాకా బ్రిటిష్ రెసిడెంటు (నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి) చేతిలోవి. వాటి ఫైళ్ళకు ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌ చూడాలి. 'అభిలేఖ్ పటల్' పోర్టల్‌లో ఇంటి నుంచే వెతకొచ్చు. నిజాం ఏలిన చార్మినార్ వైపైతే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్. సికింద్రాబాద్ కంటోన్మెంటుది వేరే లెక్క. ఇది తెలియకపోతే తార్నాకలో లేని కాగితం కోసం రోజులు పోతాయి.

నిజాం సర్కారు కాగితాల మీద తేదీ ఫసలీలో, అంటే ఆ సర్కారు వాడిన క్యాలెండర్‌లో ఉంటుంది. సంవత్సరం అక్టోబరులో, ఆజుర్ నెలతో మొదలు. ఇంగ్లీషు సంవత్సరం కోసం జనవరి రాకముందు తేదీ అయితే ఫసలీ సంవత్సరానికి 590, వచ్చాక అయితే 591 కలపాలి. సరిచూసుకోవడానికి మూసీ వరద ఉంది: 1908 సెప్టెంబరు 28, అంటే 1317 ఫసలీ చివర. ఊరికే 590 కలిపేస్తే 1907 వస్తుంది.

రూపాయి ఇంకా మోసం చేస్తుంది. నిజాం హాలీ సిక్కా వేరు, బ్రిటిష్ కల్దారు వేరు. సుమారుగా 7 హాలీ రూపాయలు 6 కల్దార్లకు సమానం. 35 హాలీ జీతం, 30 కల్దార్ల జీతం ఒకటే. ఏ రూపాయో రాయని అంకెను పట్టికలోకి ఎక్కించొద్దు. చేతిరాత హిసాబుల్లో మొత్తాలు మామూలు ఉర్దూ అంకెల్లో కాకుండా 'సియాఖ్' గుర్తుల్లో ఉండొచ్చు. ఉర్దూ బాగా చదివేవాళ్ళు కూడా అక్కడ ఆగిపోతారు, పైగా రాత షికస్తా (గబగబా రాసే గొలుసుకట్టు రాత) అయితే చాలాసార్లు నుక్తాలు (అక్షరాల చుక్కలు) కూడా ఉండవు. అందుకే అచ్చులో ఉన్న సర్కారీ గెజిట్ 'జరీదా'తో మొదలుపెట్టడం మేలు.

వరద తర్వాత లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో తయారైన మునిసిపల్ సర్వే మ్యాపులు తప్పక చూడండి. ఇళ్ళు విడివిడిగా కనిపించేంత పెద్ద స్కేలు వాటిది. ఇక ధరలకు 1926లో మొదలైన గోలకొండ పత్రిక లాంటి పత్రికల ప్రకటనలు పనికొస్తాయి. కాకపోతే ప్రకటన ఇచ్చేది కొనే స్తోమత ఉన్నవాళ్ళ కోసం. పేదింటి ఖర్చు అందులో దొరకదు.

పెద్దవాళ్ళను కలిస్తే “అప్పట్లో ఎట్ల ఉండేది?” అనకండి. “నల్లా మీ గల్లీలో ఉండెనా, భిస్తీ (తోలుసంచిలో నీళ్ళు మోసేవాడు) తెచ్చెటోడా? నీళ్ళకు పైసలు ఎప్పుడు ఇచ్చెటోళ్ళు?” అని అడగండి. సంవత్సరం చెప్పలేకపోతే 1948 పోలీస్ యాక్షన్‌కు ముందా, తర్వాతా అని అడిగితే చాలామంది చెప్పగలరు.