క్లౌడ్‌లో ముందే అకౌంట్లు ఉంటే, లోకల్ ఏడీని సింక్ చేసినప్పుడు డూప్లికేట్లు వస్తాయా?

మైక్రోసాఫ్ట్ 365లో చేత్తో చేసిన అకౌంట్లతో మీవాళ్లు ఇప్పటికే మెయిల్ వాడుతున్నారు, ఇప్పుడు ఆఫీసు సర్వర్‌లోని యాక్టివ్ డైరెక్టరీని (ఏడీ, అంటే ఆఫీసు యూజర్ల అకౌంట్లు ఉండే చోటు) ఎంట్రా కనెక్ట్ అనే మైక్రోసాఫ్ట్ సింక్ టూల్‌తో క్లౌడ్‌కి కలపాలి అంటున్నారు. అడ్రసులు సరిపోతే డూప్లికేట్లు రావు, సరిపోకపోతే వస్తాయి. కాబట్టి అసలు పనంతా సింక్ ఆన్ చేయకముందే ఉంటుంది.

మొదటిసారి సింక్ అయినప్పుడు ఎంట్రా కనెక్ట్ మనిషి పేరు చూడదు. యూపీఎన్ (మెయిల్ అడ్రస్‌లా ఉండే లాగిన్ పేరు) గానీ, ప్రాక్సీ అడ్రసెస్ అనే ఏడీ ఫీల్డ్‌లోని ప్రైమరీ మెయిల్ గానీ క్లౌడ్ అకౌంట్‌తో సరిపోతుందా అని చూస్తుంది. దీన్నే సాఫ్ట్ మ్యాచ్ అంటారు. పాత ఏడీ డొమైన్లు చాలావరకు డాట్ లోకల్‌తో (ఆఫీసు లోపల మాత్రమే పనిచేసే పేరు) ఉంటాయి, నేను చేసిన చోటా అంతే. మెయిల్ కూడా నింపకుండా అలాగే వదిలేస్తే ఆన్‌మైక్రోసాఫ్ట్ డాట్ కామ్ చివరతో కొత్త అకౌంట్ పుట్టుకొస్తుంది. మీ అసలు డొమైన్‌ని ఏడీలో యూపీఎన్ సఫిక్స్‌గా (@ తర్వాతి భాగం) చేర్చి యూజర్లకు మార్చండి. తర్వాత ఐడీఫిక్స్ అనే మైక్రోసాఫ్ట్ టూల్ నడిపితే తప్పు అక్షరాలు, రెండుసార్లు పడిన అడ్రసులు బయటపడతాయి.

అందరినీ ఒకేసారి కలపకండి. ఒక ఓయూలో (ఏడీలో యూజర్లను ఉంచే ఫోల్డర్ లాంటిది) ఇద్దరు ముగ్గురిని పెట్టి, సింక్‌కి దాన్ని మాత్రమే ఎంచుకోండి. మామూలుగా సింక్ 30 నిమిషాలకోసారి నడుస్తుంది. ఆగలేకపోతే పవర్‌షెల్ నుంచి డెల్టా సింక్ (మారినవి మాత్రమే పంపేది) కొట్టొచ్చు.

ఎవరూ ముందుగా చెప్పని సంగతి పాస్‌వర్డ్‌ది. మ్యాచ్ అయ్యాక ఏడీదే పెత్తనం. పాస్‌వర్డ్ హ్యాష్ సింక్ (ఏడీ పాస్‌వర్డ్‌నే క్లౌడ్‌లోనూ పనిచేసేలా చేసే ఆప్షన్) పెట్టుకుంటే క్లౌడ్ పాస్‌వర్డ్ పోయి ఆఫీసు పాస్‌వర్డ్ వస్తుంది. హోదా, ఫోన్ నంబర్ లాంటివి కూడా ఏడీలో ఉన్నవే వెళ్తాయి. మేం ముందురోజే అందరికీ మెయిల్ పెట్టాం, అయినా పొద్దున్నే "నా అవుట్‌లుక్ ఓపెన్ కావట్లేదు" అనే ఫోన్లు ఆగలేదు. (మెయిల్ ఎవరు చదువుతారు!)

అడ్మిన్ రోల్ ఉన్న అకౌంట్లకు సాఫ్ట్ మ్యాచ్ జరగదు. వాటిని క్లౌడ్‌లోనే విడిగా ఉంచడం మేలు.

ఇప్పటికే డూప్లికేట్ వచ్చేసి ఉంటే కంగారుపడి పాతది డిలీట్ చేయకండి, మెయిల్‌బాక్స్ దానికే ఉంటుంది. ఏడీ యూజర్‌ని సింక్ కాని ఓయూలోకి జరిపి సింక్ చేస్తే కొత్తగా పుట్టింది డిలీటెడ్ యూజర్స్‌లోకి వెళ్తుంది. అక్కడ నుంచి కూడా దాన్ని తీసేసి, అడ్రస్ సరిచేసి, యూజర్‌ని వెనక్కి తెచ్చి మళ్లీ సింక్ చేయండి.